టపుల్‌లో టమాట

పురానాపూల్ మీద ఎప్పుడైనా నడిచారా? బండ్లన్నీ పక్కనున్న కొత్త వంతెన మీదుగా పోతాయి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద కట్టించిన ఈ పాతదాని మీద కూరగాయల బేరాలు సాగుతుంటాయి. చార్మినార్ కన్నా పదమూడేళ్లు పెద్దది, తెలుసా! కింద రాతి కమానులు కదలవు, పైన సరుకు మాత్రం పొద్దుకో తీరు. పైథాన్‌లో టపుల్ అంటే సరిగ్గా ఇదే.

ఒకటి రాసి చూద్దాం. మొదటి గడిలో వంతెన పేరు, రెండో గడిలో 1578, మూడో గడిలో సరుకుల లిస్టు: టమాట, కొత్తిమీర. ఇప్పుడో ఉత్సాహవంతుడు వంతెనకూ చార్మినార్‌కూ ఒకే వయసుంటే బాగుంటుందని రెండో గడిలో (పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుంది గనక దాని నంబరు ఒకటి) 1591 పెట్టబోయాడనుకోండి. టైప్ ఎర్రర్! కుదరదని మొహం మీదే చెప్పేస్తుంది.

మరి లిస్టులోకి అపెండ్‌తో పచ్చిమిర్చి చేర్చండి. కిక్కురుమనదు. టపుల్ కాపలా గడులకే. మూడో గడిలో ఆ లిస్టే ఉందా లేదా అన్నంతవరకే దాని పట్టింపు, లిస్టు లోపలి సంగతి దానికి అక్కర్లేదు.

అసలు తమాషా ఇక్కడుంది. వంకాయ ఒక్కటే ఉన్న చిన్న లిస్టును అదే గడికి ప్లస్-ఈక్వల్స్‌తో కలపబోండి. ఎర్రర్ వస్తుంది. పోనీలే అనుకుని ప్రింట్ చేస్తే, వంకాయ వచ్చి కూర్చునుంటుంది! ఆ గుర్తు చేసేవి రెండు పనులు మరి. ముందు లిస్టును ఉన్నచోటే పెంచుతుంది, తర్వాత దాన్ని తిరిగి గడిలో పెట్టబోతుంది. టపుల్ అడ్డం పడేది రెండోదానికే. అప్పటికే జరిగిపోయినదాన్ని వెనక్కి తీసేవాళ్లెవరూ లేరు. ఇంటర్వ్యూల్లో ఇది అడిగి కుర్రాళ్లను ఏడిపించడం నాకు నచ్చదు గానీ, తెలిసుండడం మంచిదే.

రస్ట్, స్విఫ్ట్ అంత పట్టుబట్టవు. మారుస్తామని ముందే చెబితే టపుల్ గడిలో కొత్త విలువ పెట్టనిస్తాయి. పైథాన్ మొండితనానికీ ఓ లాభముంది: టపుల్‌ను డిక్షనరీలో కీగా వాడుకోవచ్చు. లోపల మన కూరగాయల లిస్టు ఉంటే మాత్రం ఆ ముచ్చట తీరదు.

సంవత్సరం నిజంగా మార్చాల్సొస్తే కొత్త టపుల్ రాసి పాత పేరే పెట్టండి. సరుకు చేర్చాలంటే అపెండ్ చాలు, ప్లస్-ఈక్వల్స్ జోలికి పోకండి.