తాళమూ, తాళపుచెవులూ

ఆమధ్య నా ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఒక మరమ్మతు దుకాణంలో ఇచ్చివచ్చాను. తిరిగి తెచ్చుకొనేటప్పుడు అక్కడి కుర్రవాడు ఎంతో గౌరవంగా, "మేస్టారూ, అమ్మగారి ఉత్తరాలు చదివానండీ, కళ్ళు చెమర్చాయి" అన్నాడు. పెళ్ళైన కొత్తలో నా శ్రీమతి పుట్టింటినుండి వ్రాసినవి. ఆమె పోయాక ఒక్కొక్కటే టైపుచేసి దాచుకొన్నాను. వాడి మనసులో కల్మషం లేదు. అయినా ఆ రాత్రి నాకు అన్నం సహించలేదు.

సంకేతపదం పెట్టానుగదా, ఎట్లా చదివాడు? అది వాకిట కాపలావాడు మాత్రమేనట. డిస్కును ఊడదీసి మరొక కంప్యూటరుకు తగిలిస్తే వాకిలితో పనేమున్నది? డిస్కుమీది అక్షరాలే గూఢలిపిలో ఉండాలి.

అందుకని డెబియన్ 12ను కొత్తగా స్థాపించాను. విభజన, గూఢీకరణ తానే చేసిపెట్టే సులభమార్గం అందులో ఉన్నది. కానీ ముప్పైమూడేళ్ళు పిల్లలచేత పదవిభాగం చేయించినవాడికి ఇతరులు విడగొట్టి ఇస్తే తృప్తి ఉంటుందా? ముందుగా ఉత్తరాలను పెన్‌డ్రైవులోకి ఎక్కించి బీరువాలో పెట్టాను. ఈ పని మరచినవారు ఇక ముందుకు చదవనక్కరలేదు.

500 జీబీల డిస్కులో యంత్రం మేలుకొనడానికి 512 ఎంబీలు, బూట్‌కు 1 జీబీ వదిలాను. తాళం తీయమని అడిగేది కెర్నెలే గనుక అది తాళం వెలుపల ఉండక తప్పదు. మిగిలినదంతా ఒకే గూఢఖండం. దానిలోపల ఎల్‌వీఎం గట్లు వేసి రూటు, హోము, స్వాపు. స్వాపును బయట ఉంచబోయాను గాని, జ్ఞాపకంలో పట్టనిదాన్ని యంత్రం వ్రాసుకొనే చిత్తుకాగితం అదే. ఉత్తరాలను పెట్టెలో దాచి, చిత్తుప్రతిని అరుగుమీద వదిలినట్లయ్యేది.

పాత అక్షరాల ఆనవాళ్ళు మిగలకుండా ఖండమంతా చెరిపివేయనా అని అడిగింది. బీరువా తెరచి పెన్‌డ్రైవు మరొకసారి చూసుకొని వచ్చి, ఔనన్నాను. తెల్లవారి లేచేసరికి చెరపడం పూర్తయింది.

ఇక రహస్యవాక్యం. ఆరంభంలో తెలుగు కీబోర్డు ఉండదు గనుక తెలుగు వాక్యాన్నే ఇంగ్లీషు అక్షరాలలో పెట్టాను. తొలిసారి తెరవబోతే తెరుచుకోలేదు. గుండె ఝల్లుమన్నది. లేఖిని అలవాటున ళకారానికి పెద్ద ఎల్ కొట్టి ఉన్నానని రెండవసారికి తట్టింది!

ఈ ముచ్చట ఫోనులో చెబితే అమ్మాయి నవ్వి, "పూర్తిగా మరచిపోతే, నాన్నగారూ?" అన్నది.

"ఇక ఎవ్వరూ తెరవలేరమ్మా."

మరొక ప్రశ్న నోటిదాకా వచ్చి ఆగినట్లు నాకు తెలిసింది.

లుక్స్ అనే ఈ పద్ధతిలో అసలు తాళపుచెవి ఒక్కటే. దాన్ని వేర్వేరు వాక్యాలతో వేర్వేరు అరలలో దాచవచ్చు. ఇప్పటి రెండవ రూపంలో అటువంటి అరలు 32 దాకా ఉంటాయి. ఒకరి వాక్యం మరొకరికి తెలియనవసరం లేదు. సంక్రాంతికి వచ్చినప్పుడు అమ్మాయిని కూర్చోబెట్టి, నా వాక్యం నేను కొట్టి, లేచి కిటికీవైపు తిరిగి నిలుచున్నాను. వెనుక కీలు చాలాసేపు టకటకలాడాయి. ఆమె పెట్టిన వాక్యమేదో నాకు తెలియదు. వాళ్ళమ్మ ఉత్తరాలు ఏ సంచయంలో ఉన్నాయో మాత్రం చూపించాను. అప్పుడు తెరవలేదు.