సవారీ లేనివారికి సవారీ

మహబూబ్‌నగర్ నుండి జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండల మీదుగా నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలానికి వెళ్ళే దారిలో రాతి గుట్టలు, పత్తి చేలు, అక్కడక్కడా బత్తాయి తోటలు కనిపిస్తాయి. ఇక్కడి ప్రజల కష్టానికి మూలం ఆ రాతిలోనే ఉంది. రాతిపొరల్లోని ఫ్లోరైడు బోరునీటిలో కరిగి తరతరాల ఎముకలను వంచింది. తాగునీటిలో అది లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు పెట్టింది. ఇక్కడి బోర్లు ఆ హద్దును ఏనాడో దాటాయి. ఇప్పుడు కుళాయిల్లో కృష్ణా జలాలు వస్తున్నాయి. అయితే వంగిపోయిన ఎముకను మంచినీరు నిటారు చేయలేదు.

ఈ పల్లెల్లోని వికలాంగులను పరామర్శించేందుకు మేము వెళ్ళాము. ఓదార్పు మాటలు ఎవరూ కోరలేదు. నడుము బిగుసుకుపోయిన ఒక పెద్దాయన తన మూడు చక్రాల బండికి టైరు కావాలన్నారు. “గిదే నా గుర్రం, మౌల్వీ సాబ్! గిది నడిస్తెనే నేను నడిచినట్టు” అన్నారు.

ఎంత నిజమైన మాట! దివ్యఖుర్ఆన్ నహ్ల్ సూరాలో గుర్రాలను మానవుని స్వారీ కొరకు సృష్టించబడిన అనుగ్రహాలలో ఒకటిగా అల్లాహ్ ప్రస్తావించాడు. నేడు అనేక దేశాలలో వికలాంగుల కోసం గుర్రపుశాలలు నడుస్తున్నాయి. గుర్రం అడుగు వేసినప్పుడు రౌతు నడుము, మనిషి నడిచేటప్పుడు కదిలినట్లే కదులుతుంది. శిక్షకుల పర్యవేక్షణలో అది పిల్లల శరీరానికి నిలకడ నేర్పుతుంది. పోలియోతో మోకాళ్ళ కింద చలనం కోల్పోయిన డెన్మార్క్ మహిళ లిస్ హార్టెల్‌ను ఇతరులు ఎత్తి గుర్రంపై కూర్చోబెట్టవలసి వచ్చేది. ఆమె 1952 హెల్సింకీ ఒలింపిక్స్ గుర్రపుస్వారీలో రజత పతకం గెలిచారు. ఫ్లోరైడుతో బిగిసిన వెన్నుకు గుర్రపుస్వారీ తగదు. దానికి తగిన సవారీ చక్రాల బండే.

సవారీ ఇచ్చినంతనే మన బాధ్యత తీరదు. ఈ మండలంలోని శివన్నగూడెం వాసి అంశల స్వామిని 2003లో ఢిల్లీలో ప్రధాని వాజ్‌పేయి ఎదుట బల్లపై ఉంచినప్పుడు ఫ్లోరైడు బాధను దేశం చూసింది. ఆయన 2023 జనవరిలో తన మూడు చక్రాల బండి నుండి పడి మరణించారు. బండితోపాటు వాలుదారి, మరమ్మతు, తోడు కూడా ఉండాలి.

అదనపు వాహనం ఉన్నవారు అది లేనివారికి ఇవ్వాలని ఒక ప్రయాణంలో దైవప్రవక్త (స) అనుచరులకు బోధించారు. అంధులైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి)కు అజాన్ బాధ్యతను అప్పగించారు. తాము ప్రయాణమైనప్పుడు మదీనాలో ఆయనను తమ ప్రతినిధిగా నిలిపారు. ఆయనపై జాలి చూపి ఊరుకోలేదు, స్థానం ఇచ్చారు.

సోదర సోదరీమణులారా! మీ మస్జిద్ మెట్లను ఒకసారి చూడండి. చక్రాల బండి ఎక్కే వాలు అక్కడ ఉందా? లేకపోతే నాలుగు బస్తాల సిమెంటుతో పని మొదలుపెట్టండి. మీ వీధిలో బండి విరిగి ఇంట్లోనే ఉండిపోయినవారు ముస్లిములైనా కాకపోయినా, ఈ నెల సదకాలో మొదటి భాగం ఆ బండి మరమ్మతుకే కేటాయించండి. అల్లాహ్ మనందరికీ ఆ సౌభాగ్యాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.