మారేడుమిల్లి నుండి బెజవాడ ఆటోనగర్‌కు

మా అక్కను మారేడుమిల్లి అవతల ఒక చిన్న ఊరికి ఇచ్చారు. బావగారికి ఒక పాత జీపు ఉన్నది. పసుపు, చింతపండు, కొండచీపుర్లు సంతకు చేర్చేది అదే. పురిటినొప్పులు పడే తల్లిని అర్ధరాత్రివేళ రంపచోడవరం ఆసుపత్రికి చేర్చేదీ అదే. అటువంటి బండి గత వేసవిలో రెండు వారాలపాటు పాకలో కదలకుండా నిలిచిపోయింది. అందుకు కారణమేమిటో, ఆ కారణాన మేము చేసిన ప్రయాణమేమిటో చదువరులతో పంచుకోవాలని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మారేడుమిల్లి నుండి చింతూరు వెళ్ళే ఘాట్ రోడ్డు చూచినవారికి తెలుసు. ఒక ప్రక్క కొండ, మరొక ప్రక్క లోయ, ఎటు చూచినా వెదురు పొదలు. ఒక మలుపు తిరిగేసరికి ఇంకొక మలుపు ఎదురవుతుంది. ఒకనాటి సాయంత్రం ఆ ఘాట్ దిగి చదును నేలకు వచ్చిన తరువాత, బావగారు స్టీరింగు చక్రం జానెడు త్రిప్పినా ముందు చక్రాలు తిరగలేదట. బండిలో అప్పుడు తొమ్మిదిమంది ఉన్నారు. మెల్లగా ఆపి దిగి చూస్తే, స్టీరింగు రాడ్డుకు వేసిన అతుకు చుట్టూ వెంట్రుకంత పగులు కనబడింది. అదే పగులు పది నిమిషాల ముందు విడిపోయి ఉంటే ఏమయ్యేదో నేను వ్రాయనక్కరలేదు.

ఆ అతుకు ఎందుకు వచ్చిందో చెప్పాలి. మన దేశంలో జీపులను 1949లో బొంబాయిలోని మజగావ్‌లో బిగించడం మొదలుపెట్టారు. విడిభాగాలు అమెరికాలోని విల్లీస్ కంపెనీ నుండి వచ్చేవి. అదే కంపెనీ 1953లో ఎత్తైన బానెట్టుతో తెచ్చిన సి.జె. 3బి అనే రకాన్ని తరువాత మహీంద్రావారు ఇక్కడ ఎన్నో ఏళ్ళు తయారుచేశారు. బావగారిది ఆ రకమే. ఆ పాత జీపులలో చక్రం నుండి క్రిందికి దిగే రాడ్డు నేరుగా స్టీరింగు పెట్టెలోనికి పోతుంది, మధ్యలో కీలు లేదు. పెట్టె అరిగిపోయినప్పుడు, ఇంతకుముందటి యజమాని ఒక బండి నుండి పెట్టె, మరొక బండి నుండి పైరాడ్డు తెచ్చి బిగించాడు. రెండూ మంచివే గాని ఒకదానికొకటి కలవవు. అందుచేత ఎవరో మధ్యలో ఒక కడ్డీ పెట్టి, కొసకు కొస ఆనించి వెల్డింగు చేశారు.

“మళ్ళీ వెల్డింగు కొట్టిస్తే సరిపోతుంది, రేపటి సంతకు అందుకోవచ్చు” అన్నారు బావగారు. అక్క ఏమీ వాదించలేదు. జీపు తాళంచెవి తీసి కొంగున ముడివేసుకున్నది. “తమ్ముడూ, నీవు వచ్చి మీ బావను బెజవాడ తీసుకువెళ్ళు. అది బాగయ్యేదాకా ఈ ముడి విప్పను” అని నాకు ఫోను చేసింది.

నేను వెళ్ళేసరికి పెట్టెను, పైరాడ్డును విప్పి గోనెసంచులలో కట్టి ఉంచారు. ఇంటర్ చదివే మా మేనల్లుడు విప్పకముందే మూడు వెదురు బద్దలు తెచ్చి, పైరాడ్డు వెంబడి ఒకటి, పెట్టె ముక్కు వెంబడి ఒకటి, మధ్యలో ఒకటి ఆనించి, కదలకుండా తీగతో బిగించాడు. ఆ వంకర కర్ర చూచి బావగారు నవ్వారు. నేనూ నవ్వాను. అయినా పిల్లవాని మనస్సు నొప్పించడం ఎందుకని వెంట పెట్టుకున్నాము.

గోకవరం మీదుగా రాజమండ్రి చేరి, అక్కడ బస్సు మారి, సుమారు 160 కిలోమీటర్లు ప్రయాణంచేసి బెజవాడలో దిగాము. బెంజి సర్కిలు నుండి బందరు రోడ్డు మీద పటమట దాటితే ఆటోనగర్ గేటు. దాని అసలు పేరు జవహర్ ఆటోనగర్. లోపలికి అడుగుపెడితే ఒక వీధంతా లారీ క్యాబిన్లు, ఒక వీధంతా రేడియేటర్లు, ఒక వీధంతా లేతు మిషన్లు. గాలిలో గ్రీజు వాసన, చెవులలో సుత్తి దెబ్బలు. మేము అడిగిన మొదటి షాపులో, “అరగంటలో కొత్త ముక్క పెట్టి వెల్డింగు చేసి ఇస్తాను” అన్నారు. బావగారు నావైపు చూచారు. నాకు అక్క కొంగు ముడి గుర్తుకు వచ్చింది. ముందుకు నడిచాము.

రెండు వీధుల అవతల ఒక వృద్ధుడైన మేస్త్రి లేతు దగ్గర కూర్చుని ఉన్నారు. మా సంచులు విప్పి, ముక్కలు కిరసనాయిలుతో కడిగి, రెండింటి పళ్ళూ లెక్కపెట్టమని నాకు ఇచ్చారు. పైరాడ్డుకు 36, పెట్టె ముక్కుకు 30.

“చూచారా మాష్టారూ, లావు ఇంచుమించు ఒకటే గనుక సుత్తితో కొడితే ఎక్కుతుంది. ఎక్కినట్లే ఉండి, పళ్ళు తిని, ఒకనాడు జారిపోతుంది. పోనీ కొసకు కొస వెల్డింగు చేస్తే, చక్రం త్రిప్పినప్పుడల్లా మెలికపడే బరువంతా ఆ ఒక్క గీత మీదనే పడుతుంది.”

“మరి దారి?” అన్నారు బావగారు.

“వీటి మధ్యకు మూడవది రావాలి. దాని ఒక చెవిలో 36 పళ్ళు, రెండవ చెవిలో 30. ఎవరి పళ్ళు వారివే, ఎవరినీ అరగదీయం.”

తరువాత ఆయన అడిగిన ప్రశ్నకు మా ముఖాలు వెలవెలపోయాయి. “బండి ఏది? పొడవెంత, వంపెంత నాకెట్లా తెలుస్తుంది?” అప్పుడు నేను సిగ్గుపడుతూ వెదురు బద్దలు తీసి ఇచ్చాను. మేస్త్రిగారు నవ్వలేదు. బల్లమీద పరచి, కోణమానిని పెట్టి చూచి, “ఇది చేసినవాడు పని నేర్చుకుంటే బాగుపడతాడు” అన్నారు. బావగారు తల వంచుకున్నారు.

పని రెండు రోజులు పట్టింది. గట్టి ఉక్కు కడ్డీని లేతు మీద తొలిచి, స్లాటింగు మిషను మీద లోపలి పళ్ళు ఒక్కొక్కటే కోశారు. రెండు కొసలకు రెండు క్రాసు కీళ్ళు, మధ్యన ఒకదానిలో ఒకటి జారే రాడ్డు పెట్టారు. గతుకులలో ఛాసిస్ మెలిపడినా ఆ జారుడు సర్దుకుంటుంది, చక్రాన్ని పైకి నెట్టదు. ఒకే కీలు వంపులో తిరిగితే, ఒక చుట్టులో రెండుసార్లు వేగం హెచ్చి రెండుసార్లు తగ్గుతుంది. రెండు కీళ్ళ వంపు సమానంగా ఉండి, మధ్య రాడ్డుకు రెండు కొసల ఉన్న కొమ్ములు ఒకే వరుసలో నిలిస్తే, ఒకదాని తేడాను మరొకటి సరిచేస్తుంది. ఒక్కొక్క కీలు వంపు 30 డిగ్రీలు దాటకూడదట, మాది దాటలేదు. బిగింపు బోల్టు కూర్చునేచోట రాడ్డుకు అడ్డంగా గాడి కోశారు. బోల్టు కొంచెం వదులైనా, ఊడిపోతే తప్ప రాడ్డు జారి బయటికి రాదు. చివరకు జారే రెండు ముక్కల మీద ఎదురెదురుగా రెండు చుక్కలు పొడిచి, “ఈ చుక్కలు కలిపి ఎక్కించండి” అన్నారు.

వెల్డింగుకు అడిగిన సొమ్ముకు పదింతలు అయింది. బావగారు మారు మాట్లాడకుండా లెక్కపెట్టి ఇచ్చారు.

ఇంటికి వచ్చి బిగించేటప్పుడు తొందరలో ఒక పన్ను తప్పించి ఎక్కించబోయారు. మేనల్లుడు చుక్కలు చూపించాడు. ఈసారి బావగారు నవ్వలేదు, తీసి సరిగా పెట్టారు. ముందు చక్రాలు జాకీ మీద లేపి, ఈ చివర నుండి ఆ చివరకు పదిసార్లు త్రిప్పి, ఎక్కడా తగలడం లేదని చూచిన తరువాత ఖాళీ బండితో పొలం గట్టున నడిపారు. అటుపిమ్మటే ఘాట్ ఎక్కాము. ప్రతి మలుపులోనూ నా చెయ్యి సీటును పట్టుకునే ఉన్నది. బండి మాత్రం చెప్పినట్లు తిరిగింది.

మన పల్లెలలో పాత జీపులు, ట్రాక్టర్లు, ట్రాలీలు ఎన్నో ఇట్లాంటి అతుకులతోనే తిరుగుతున్నాయి. ప్రియమైన చదువరులారా, మీ ఇంట అటువంటిది ఉంటే, పని లేని ఒక పూట క్రిందికి వంగి ఆ రాడ్డును గుడ్డతో తుడిచి చూడండి. కొసకు కొస వేసిన వెల్డింగు కనబడితే ఆ బండిలో పిల్లలను ఎక్కించకండి. మార్చదలచితే ముందుగా రవాణా కార్యాలయంలో అడగండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండిలో చేసే మార్పులను గురించినదే.

పగిలిన పాత ముక్కను బావగారు పారవేయలేదు. పాకలో మేకుకు తగిలించారు. ఇప్పుడు ప్రతి శనివారం తండ్రీకొడుకులిద్దరూ స్పానరు పట్టుకుని ఆ బోల్టులు చూస్తారు. నేను తిరిగివచ్చే ఉదయం అక్క కొంగు ముడి విప్పి, తాళంచెవి బావగారి చేతిలో పెట్టి, “తమ్ముణ్ణి బస్సు దగ్గర దింపి రండి” అన్నది.