ఏస్ చివరి సీజను: ఓక్లాండ్ నుంచి ఉత్తరాలు

ఫ్రీమాంట్, 21 జూలై 2024

అన్నయ్యా,

అమెరికాలో పొద్దుపోక పిచ్చెక్కుతుందని బయల్దేరేటప్పుడు అన్నావుగా. ఎక్కిన మాట నిజమే, కాకపోతే అది బేస్‌బాల్ పిచ్చి. అంతా మనవడి చలవ. వాడి ప్రాణమంతా ఓక్లాండ్ అథ్లెటిక్స్ మీదే. ముద్దుగా ‘ఏస్’ అంటారు. ఈ సెప్టెంబరుతో ఆ జట్టు ఓక్లాండ్ వదిలి వెళ్ళిపోతోంది. అందుకని వీలైనన్ని ఆటలు చూడాలని వాడి పట్టు. అమ్మాయికీ అల్లుడికీ ఆఫీసులు. తోడు వెళ్ళేదాన్ని నేనే.

ఫ్రీమాంట్‌లో బార్ట్ రైలెక్కితే అరగంటలో కొలీసియం స్టేషను. దిగి పొడుగాటి నడకవంతెన దాటితే స్టేడియం. వంతెన మీద అటూ ఇటూ టీషర్టులు పరిచి అమ్మేవాళ్ళు, పెనాల మీద సాసేజీలు వేయించేవాళ్ళు. లోపల చెప్పే ధరలు వింటే ఆకలి చచ్చిపోతుంది కాబట్టి తెలిసినవాళ్ళు ఇక్కడే కానిస్తారు.

స్టేడియం అందగత్తె కాదు. 1966లో తెరిచిన గుండ్రటి కాంక్రీటు కట్టడం. మైదానం సముద్రమట్టం కన్నా దిగువన ఉంటుంది. 2013 జూన్‌లో ఒకరోజు ఆట ముగిశాక రెండు జట్ల గదుల్లోకీ మురుగు ఎగదన్నింది. పాపం ఆటగాళ్ళంతా పై అంతస్తులో ఫుట్‌బాల్ జట్టు గదికి వెళ్ళి కలిసి స్నానాలు చేశారట. ఆ ఫుట్‌బాల్ వాళ్ళ కోసమే తొంభైల్లో ఒక పక్కన కొండంత గ్యాలరీ లేపి, అవతల కనిపించే అసలు కొండల్ని మూసేశారు. ఆ ఫుట్‌బాల్ జట్టు 2020లో లాస్ వేగస్ వెళ్ళిపోయింది. గ్యాలరీ మాత్రం మిగిలింది.

సీజను సంగతి చెప్పాలి. మార్చి ఆఖరు నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా 162 ఆటలు. దాదాపు రోజూ ఒకటి. నువ్వు టెస్టు మ్యాచి కోసం నెల ముందు నుంచీ ట్రాన్సిస్టర్‌కి బ్యాటరీలు కొనిపెట్టుకునేవాడివే, అలాంటి ఎదురుచూపులు ఇక్కడ కుదరవు. నిన్న ఓడామని ఏడ్చేలోపు ఇవాళ్టి ఆట మొదలవుతుంది. ఎంత గొప్ప జట్టయినా ఏడాదికి అరవై దాకా ఓడుతుంది. నిరుడు ఏస్ ఓడినవి 112. ఈ ఏడూ ఓటములే ఎక్కువ, అయినా కుర్రాళ్ళలో ఊపు ఉంది. పోయిన ఆదివారం ఫిలడెల్ఫియాలో 18-3తో గెలిచారు. లారెన్స్ బట్లర్ అనే కుర్రాడు ఒక్కడే మూడు హోమ్‌రన్‌లు, అంటే మన సిక్సర్‌లాంటివి, కొట్టాడు. విచిత్రమేమిటంటే ఈ జట్టు 1901లో పుట్టింది ఆ ఫిలడెల్ఫియాలోనే. అక్కణ్ణించి కాన్సాస్ సిటీ, 1968లో ఓక్లాండ్. కాబట్టి ఊళ్ళు మారడం వీళ్ళకి కొత్త కాదు. ఈ మాట మనవడితో అన్నాను. పూటంతా నాతో మాట్లాడలేదు.

మా వరసలో ఒక పెద్దావిడ కూర్చుంటుంది, ఓక్లాండ్‌లోనే పుట్టి పెరిగిన నల్లజాతి ఆవిడ, పోస్టాఫీసులో పనిచేసి రిటైరైంది. ఒళ్ళో స్కోరు పుస్తకం, చెవి వెనక పెన్సిలు. చూడగానే నువ్వే గుర్తొచ్చావు. నేను బ్యాంకులో చేశానని తెలిశాక పుస్తకం నా ఒళ్ళో పెట్టి నేర్పడం మొదలెట్టింది. మైదానంలో తొమ్మిదిమందికీ అంకెలున్నాయి: బంతి వేసేవాడు 1, వికెట్‌కీపర్ లాంటివాడు 2, మొదటి బేస్ 3, అలా కుడి అంచున నిలబడ్డవాడు 9. ‘6-4-3’ అని రాశావంటే బంతి ఎవరి చేతి నుంచి ఎవరి చేతికి వెళ్ళి ఇద్దరు ఎలా అవుటయ్యారో పదేళ్ళ తర్వాత చదివినా కళ్ళకి కడుతుంది. మూడు స్ట్రైకులకి అవుటైతే ‘కె’ అక్షరం. బ్యాటు కదపకుండా మూడో బంతిని వదిలేసి అవుటైతే అదే అక్షరం తిరగేసి రాస్తారు. కొట్టబోయి తప్పినవాడికీ చూస్తూ నిలబడ్డవాడికీ తేడా చూపించొద్దా, అంది.

వదిన మోకాలికి ఆ తైలం పనిచేసిందా?

చెల్లి

ఫ్రీమాంట్, 18 ఆగస్టు 2024

అన్నయ్యా,

జనం రాకపోతే యజమాని మాత్రం ఏం చేస్తాడని రాశావు. అప్పు దరఖాస్తులు చూసిన చెయ్యి నాది, వ్యాపారి లెక్క అర్థం కాకపోదు. స్టేడియం పాతదే. ఓడరేవు దగ్గర కొత్తది కడతామని ఏళ్ళ తరబడి ఊరితో బేరాలు సాగి, 2023లో చెడ్డాయి. లాస్ వేగస్ వస్తే స్టేడియానికి నెవాడా ప్రభుత్వం 38 కోట్ల డాలర్ల దాకా ప్రజల సొమ్ము ఇస్తానంది. ఆ నవంబరులో మిగతా జట్ల యజమానులంతా ఆ తరలింపుకి ఏకగ్రీవంగా సరేనన్నారు. ఇంతవరకూ సరే. కానీ అంతకుముందే, 2022 సీజను ముంగిట, ఓల్సన్, చాప్‌మన్, బాసిట్, మనాయా లాంటి మంచి ఆటగాళ్ళని వరసగా వేరే జట్లకి ఇచ్చేసి, అదే ఏడు టికెట్ల ధర పెంచారు. సరుకు తీసేసి, ధర పెంచి, బేరాల్లేవని కొట్టు కట్టేస్తే దాన్ని నష్టమనాలా, ఉపాయమనాలా? నువ్వే చెప్పు.

జనం ఊరుకోలేదులే. నిరుడు జూన్ 13న పని గట్టుకుని 27,759 మంది వచ్చారు, జట్టుని అమ్మేయమని యజమాని జాన్ ఫిషర్‌కి చెప్పడానికి. అదే మాట రాసిన ఆకుపచ్చ చొక్కాలేసుకుని, రెండు గంటలు ఒకటే అరుపులు. ఆ రోజు టాంపా బే మీద 2-1తో గెలిచారు కూడా. మా పెద్దావిడ ఆ చొక్కా ఇప్పటికీ ఉతికి మడతపెట్టి తెచ్చుకుంటుంది. చలేస్తే వేసుకుంటుంది. సాయంత్రం ఆటలకి ఇక్కడ ఆగస్టులో కూడా చలే.

ఈమధ్య పశ్చిమ ఓక్లాండ్‌లో రైమాండి పార్కుకి వెళ్ళొచ్చాం. ఓక్లాండ్ బాలర్స్ అని ఈ ఏడే ఆడటం మొదలెట్టిన చిన్న జట్టు. పెద్ద లీగు కాదు. ఏస్ పోతే పోనీ, ఊరికి బేస్‌బాల్ ఉండాలని ఇద్దరు ముగ్గురు పూనుకుని పెట్టారు. మూడు నాలుగు వేలమంది కూర్చోవచ్చేమో. పిల్లలు గడ్డి మీద దొర్లుతున్నారు. ఆట నాసిరకమే, చేజారిన బంతులు లెక్కపెట్టడం మానేశాను. కానీ గేటు దగ్గర టికెట్టు చింపిన మనిషే తర్వాత మా పక్కన కూర్చుని ఆట చూశాడు. అలాంటిది పెద్ద స్టేడియంలో జరగదు.

చెల్లి

ఫ్రీమాంట్, 27 సెప్టెంబరు 2024

అన్నయ్యా,

ఓక్లాండ్‌లో ఆటలు నిన్నటితో అయిపోయాయి. టెక్సాస్ రేంజర్స్‌తో మధ్యాహ్నం ఆట. మనవడు బడికి ఎగనామం. అమ్మాయి ఏమీ అనలేదు, పైగా తనూ సెలవు పెట్టింది. వంతెన మీద అడుగు తీసి అడుగెయ్యడానికి లేదు. జనం 46,889 మంది అని తెర మీద వేశారు. ఇన్నాళ్ళూ ఆరేడు వేలమంది మధ్య కాళ్ళు బారజాపుకుని కూర్చున్న మాకు, మా సీట్ల దగ్గరికి వెళ్ళడానికే చాలాసేపు పట్టింది.

ఒకప్పుడు ఇక్కడ బంతి వేసిన బారీ జీటో జాతీయగీతం పాడాడు. లాంఛనంగా మొదటి బంతులు ఏస్ పాత ఆటగాళ్ళు రికీ హెండర్సన్, డేవ్ స్టీవర్ట్ వేశారు. ఇద్దరూ ఓక్లాండ్ వీధుల్లో పెరిగినవాళ్ళే. హెండర్సన్ వేరే జట్లకి ఆడినా ఈ ఊరివాడే అంటారు. 1,406 బేస్‌లు దొంగిలించాడు. దొంగిలించడమంటే బ్యాటు దెబ్బ కోసం చూడకుండా, బంతి వేస్తుండగానే పరుగెత్తి తర్వాతి బేస్ చేరుకోవడం. ఆ లెక్కకి దరిదాపుల్లో కూడా ఎవరూ లేరు. పెద్దావిడ లేచి నిలబడి రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేసింది. డెబ్భై దాటిన మనిషి!

ఏస్ 3-2తో ముందున్నారు. కుడివైపు గ్యాలరీలో డోళ్ళు ఆగలేదు. ఆఖర్లో ఎవరో పొగబాంబులు విసిరారు, ఇద్దరు మైదానంలోకి దూకి పరిగెత్తారు, పోలీసులు పట్టుకెళ్ళారు. ఆట కాసేపు ఆగింది. ఆగినందుకు ఎవరికీ విసుగు లేదు. ఆట ముగించడానికి మేసన్ మిల్లర్ వచ్చాడు, గంటకి నూరు మైళ్ళు దాటించి వేసే కుర్రాడు. చివరి బంతి నేల మీద దొర్లుకుంటూ మూడో బేస్ మనిషి చేతిలో పడింది, అతను మొదటి బేస్‌కి విసిరాడు. పెద్దావిడ ‘5-3’ అని రాసి, కింద జనం లెక్క రాసి, పుస్తకం మూసి సంచిలో పెట్టేసుకుంది.

ఎవరూ కదల్లేదు. మేనేజరు మార్క్ కాట్సే మైకు తీసుకుని అందరికీ కృతజ్ఞతలు చెప్పి, ఓక్లాండ్ పేరు మీద ఆఖరిసారి కేకలు వేయించాడు. నేనూ అరిచాను, గొంతు ఇవాళ్టికీ బాగుపడలేదు. యజమాని రాలేదు. వారం మొదట్లో అభిమానులకి ఒక ఉత్తరం మాత్రం రాశాడు. మైదానం చూసుకునే పనివాళ్ళు పారలతో ఎర్రమట్టి తీసి, అంచున చేతులు చాచినవాళ్ళకి కప్పుల్లో పోసి ఇస్తున్నారు. మనవడు గుంపులోకి దూరి ఒక కప్పు తెచ్చాడు. పెద్దావిడని అడిగితే, ఈ మట్టి నా చెప్పులకి చాలా ఉంది, అంది.

చెల్లి

శాక్రమెంటో, 6 అక్టోబరు 2024

అన్నయ్యా,

సియాటిల్‌లో సీజను చివరి ఆట 6-4తో ఓడారు. మొత్తం మీద 69 గెలుపులు, 93 ఓటములు. నిరుటి మీద పంతొమ్మిది ఎక్కువ గెలిచారు. బాగుపడుతున్న జట్టు కదిలిపోయిందన్నమాట. అది ఇంకా కష్టం.

ఇవాళ అల్లుడు మమ్మల్ని శాక్రమెంటో తీసుకొచ్చాడు, పనిలో పనిగా పశ్చిమ శాక్రమెంటోలో నది ఒడ్డునున్న సటర్ హెల్త్ పార్కు చూపించాడు. లాస్ వేగస్‌లో స్టేడియం లేచేదాకా, అంటే 2028 దాకా, ఏస్ ఇక్కడే ఆడాలి. చిన్న లీగు మైదానం, పద్నాలుగు వేలమంది పడతారంతే. జట్టు పేరులో ఏ ఊరి పేరూ ఉండదట, ఉత్త ‘అథ్లెటిక్స్’. అక్టోబరు వచ్చినా రెంటచింతల ఎండే కాస్తోంది. జూలైలో మధ్యాహ్నం ఆట పెడితే ఆటగాళ్ళ గతి ఏమిటో.

కారులో తండ్రీకొడుకులకి పెద్ద గొడవ. మార్చి ఆఖర్లో ఇక్కడ తొలి ఆటకి టికెట్లు కొంటానంటాడు అల్లుడు. చచ్చినా రానంటాడు వీడు. “మరి రూకర్ ఏం తప్పు చేశాడురా? బట్లర్ ఏం చేశాడు?” అని తండ్రి. బ్రెంట్ రూకర్ ఈ ఏడు 39 హోమ్‌రన్‌లు కొట్టాడు, గోడ మీద రూకర్ బొమ్మ పీకమంటే మనవడు ఒప్పుకోడు. చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసి, రూకర్ కొడితే చప్పట్లు కొడతాను గానీ జట్టు గెలిస్తే మాత్రం కొట్టను, అన్నాడు. రూకర్ కొట్టిన దెబ్బతోనే గెలిస్తే ఏం చేస్తావని అడిగింది అమ్మాయి. దానికింకా జవాబు రాలేదు.

చెల్లి