పాట ఎత్తాక... అందుకునేదెవరు?

'పిన్నీ, క్లింగాన్ భాషలో పాటని ఏమంటారో తెలుసా?'

గుడివాడ నుంచి అవనిగడ్డ దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరికి వెళ్తున్నాం. కారు పామర్రు దాటింది. అడిగింది మా అక్క కొడుకు. తొమ్మిదో తరగతి. తెలీదన్నాను.

'బోమ్! పాడటాన్ని కూడా బోమ్ అనే అంటారు. చివర వి చేరిస్తే పాడేవాడు... బోమ్‌వి.'

ఇంతకీ క్లింగాన్లు మనుషులు కారు. 'స్టార్ ట్రెక్' కథల్లో వచ్చే గ్రహాంతర యోధులు. 1979 నాటి సినిమా కోసం నటుడు జేమ్స్ డూహన్ సరదాగా నాలుగు ముక్కలు పలికితే, 1984లో వచ్చిన మూడో సినిమా కోసం మార్క్ ఓక్రాండ్ అనే భాషావేత్త దానికి వ్యాకరణం కట్టాడు. ఆ మరుసటి ఏడాదే నిఘంటువూ వేశాడు. 2010లో నెదర్లాండ్స్‌లోని హేగ్ నగరంలో ఆ భాషలో ఏకంగా ఓ సంగీతనాటకమే ఆడారు. వాళ్లకీ సరిగమలున్నాయి. మన 'స' షడ్జమానికి పొట్టి పేరైతే, వాళ్ల స్వరాల్లో చాలావాటికి నాలుగు, అయిదు, ఆరు అంటూ అంకెల పేర్లే!

'మాటలు పుట్టించడం మనకేం కొత్త కాదురా' అన్నాను. 2015లో వచ్చిన 'బాహుబలి'లో కాలకేయుల కోసం మదన్ కార్కీ కిలికి భాష అల్లితే, మన స్మిత ఆ భాషలో పాటే పాడేసింది. అంతకు చాలాముందే బందరులో పెరిగిన పింగళి నాగేంద్రరావుగారు 'మాయాబజార్'లో అసమదీయులు, తసమదీయులు, వీరతాడు అంటూ మాటలు పుట్టించారు. ఎవరో ఒకరు పుట్టించకపోతే మాటలెలా వస్తాయని 1957లోనే ఘటోత్కచుడి చేత అడిగించారు కూడా.

'మరి మన దగ్గర పాటకి ఎన్ని మాటలున్నాయి?' అన్నాడు వాడు.

అప్పుడే కూచిపూడి వచ్చింది. ఇక చూసుకోండి, నాకు లెక్క దొరికింది. భామాకలాపంలో పాత్ర పాడుతూ ఆడేది దరువు. ఆ పక్కనే ఉన్న మొవ్వ గోపాలుడి మీద క్షేత్రయ్య రాసినవి పదాలు. ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి ఆడేది తరంగం. చల్లపల్లి వచ్చేసరికి కీర్తన, లాలి, జోల, మేలుకొలుపు, హారతి, దంపుళ్ల పాట, ఊడుపుల పాట... వేళ్లు చాలలేదు. పనికో పాట, పొద్దుకో పేరు. వాడు ఫోనులో రాసుకుంటున్నాడు. నాకు లోపల కాస్త గర్వంగానే ఉంది.

అమ్మమ్మ వసారాలో కూర్చుని ఉంది. జాబితా చదివి వినిపించాం. అంతా విని, 'ఇవన్నీ పాటల పేర్లే కదమ్మాయ్. పాడటం సంగతేదీ?' అంది.

తనే చెప్పింది. ఊడుపుల్లో ఆడవాళ్లంతా మునుం పడతారు. ఒకామె పాట ఎత్తుతుంది. మిగతావాళ్లు అందుకుంటారు. 'ఎత్తడం ఎవరైనా ఎత్తుతారే. అందుకునేవాళ్లుంటేనే అది పాట. లేకపోతే కూనిరాగం.'

మా అమ్మమ్మ ఎత్తే మనిషి. ఆమె ముందుంటే మునుం ఇట్టే సాగిపోయేదని ఊళ్లో ఇప్పటికీ చెబుతారు. కానీ నా ముప్పయ్యేళ్ల వయసులో ఆమె పాడగా నేనెప్పుడూ వినలేదు. పెద్దతనం వల్ల మానేసిందనుకునేదాన్ని. ఎందుకు మానేశావని అడిగింది మాత్రం మావాడే.

'ఉప్పెనొచ్చింది కదా నాన్నా' అంది.

1977 నవంబరు 19. దివిసీమలో ఆ తేదీ ఎవరికీ చెప్పక్కర్లేదు. అధికారిక లెక్కల్లోనే దాదాపు 10,000 మంది పోయారు. వాళ్లలో అమ్మమ్మతో మునుం పట్టినవాళ్లు ఏడుగురు. మరుసటి ఏడు తొలకరికి మళ్లీ చేలో దిగారు. అలవాటు కొద్దీ ఈమె పాట ఎత్తింది. అందుకునే చోట ఆగింది. ఎవరూ అందుకోలేదు. 'ఉన్నవాళ్లందరం ఏడ్చాం. ఆ తర్వాత నేను ఎత్తలా.'

ఇప్పుడు చాలాచోట్ల ఊడుపులే లేవు. విత్తనాలు వెదజల్లేస్తున్నారు. మునుం లేదు, మాటా లేదు. ఎవరూ మాట్లాడని గ్రహపు భాషకి నిఘంటువుంది. ఓ ఊరంతా పాడిన పాటకి మా అమ్మమ్మ ఒక్కతే మిగిలింది. దారి పొడవునా పేర్లు లెక్కపెట్టుకుంటూ వచ్చిన నాకు తల వంగిపోయింది.

'ఒక్కసారి ఎత్తు తాతమ్మా' అన్నాడు మావాడు. వద్దురా అంటూనే గొంతు సవరించుకుంది. సన్నగా, వణుకుతూ మొదలైంది. రెండు చరణాలు కాగానే ఆగింది. సరిగ్గా అందుకునే చోటే. నాకు గొంతు పెగల్లేదు. వాడికి మాటలు రావు. అయినా విన్న వరసని ఊఁ ఊఁ అంటూ లాగేశాడు.

అమ్మమ్మ కళ్లు తుడుచుకుని, 'ఆలస్యంగా అందుకున్నావురా' అంది. అని, మళ్లీ మొదటినుంచి ఎత్తింది.