అరిసెల పొయ్యి దగ్గర వడ్లగింజలు

రండి, కూర్చోండి. పండగ వెళ్ళిపోయింది గానీ చలి ఇంకా వెళ్ళలేదు. మీ ఇంటికి ఎవరెవరొచ్చారో, కొత్తల్లుడికి ఏం పెట్టారో, ముగ్గులు ఎన్ని చుక్కలవి వేశారో అన్నీ తీరిగ్గా వింటాను. ముందు నన్నొక్క మాట అడగనివ్వండి. పెద్దపండక్కి మీ ఇంట్లో ఎవరైనా ఒక కథ పైకి చదివారా?

పండక్కీ పుస్తకానికీ పొసగదని చాలామంది అనుకుంటారు. ఇంటినిండా మనుషులు, పొయ్యిమీంచి మూకుడు దిగదు, పిల్లల కేకలకి ఒకరి మాట ఒకరికి వినపడదు. అలాంటప్పుడు ఎవరైనా పుస్తకం పట్టుకుని గదిలో తలుపేసుకుంటే మిగతావాళ్ళకి మనసు చివుక్కుమంటుంది కూడా. అది న్యాయమే. ఎవరికి వారు చదువుకునే చదువుకి పండగ రోజులు తగవు. కానీ ఒకళ్ళు చదువుతుంటే పదిమంది వినే చదువుకి సంక్రాంతిని మించిన అదను ఏడాది మొత్తంలో దొరకదు. అరిసెలు తట్టేవాళ్ళకీ, మినప్పప్పు పొట్టు కడిగేవాళ్ళకీ, గుమ్మాలకి మామిడాకులు కట్టేవాళ్ళకీ పని చేతులకే. చెవులు ఖాళీ.

మా ఇల్లు కోనసీమలో, అంబాజీపేట దగ్గర. పండక్కి హైదరాబాదు నించి మరిదిగారి కుటుంబం, విశాఖ నించి ఆడపడుచూ పిల్లలూ, బెజవాడ నించి మా చెల్లెలి కొడుకూ వస్తారు. అందర్లోకీ ఈ చివరివాడి కోసం నేను ఎక్కువ ఎదురుచూస్తాను. బెజవాడలో మామూలుగా జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం మొదలై, భోగికి కాస్త ముందు ముగుస్తుంది కదా. నేను రాసి పంపిన చీటీలోవి కొన్ని, తనకి నచ్చినవి కొన్ని కొని, వాడు సరాసరి పండక్కి దిగుతాడు. ఎప్పుడూ బట్టల సంచీ కంటే పుస్తకాల సంచీయే బరువు.

ఈసారి ఆ సంచీలోంచి మొదట తీసింది శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి కథలు. ఆయనది మా గోదావరి సీమే. 1891లో పొలమూరులో పుట్టారు. వైదిక కుటుంబం, సంస్కృత పండితుల ఇల్లు. ఆయన మాత్రం పట్టుబట్టి తెలుగు రాశారు. ఆ కథలు నోటితో చదవడానికే పుట్టాయని నాకు ఎప్పటినించో గట్టి నమ్మకం. పేజీలకి పేజీలు సంభాషణే. ఏ మాట ఎవరన్నారో విడిగా చెప్పనక్కర్లేదు, మాట తీరులోనే మనిషి తెలిసిపోతాడు. మా అత్తగారికి ఇప్పుడు చూపు ఆనడం లేదు. నేను రెండు మూడు మాటలు చదివేసరికి, “ఇది ఆ రెండో కోడలన్నమాట కదూ?” అని ఆవిడే చెప్పేస్తుంది.

అయితే అరిసెల దగ్గర చదవడానికో పద్ధతుంది. పాకం పట్టేటప్పుడు చదవకూడదు. ముందురోజు నానేసిన బియ్యం వార్చి, తడి ఆరకుండా మర పట్టించి, జల్లించి, ఆరిపోకుండా అదిమి మూతపెట్టి ఉంచుతామా, ఇటు బెల్లం పాకం మరుగుతుంటుంది. చుక్క తీసి నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టాలి. లేతగా ఉంటే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే పంటికి లొంగదు. సరిగ్గా ఆ ఘడియ చూసి దింపాలి. ఒకళ్ళు పిండి పోస్తుంటే ఒకళ్ళు ఆపకుండా తిప్పాలి. అప్పుడు మా వంటింట్లో ఎవరూ నోరు మెదపరు. చలిమిడి కుదిరి, నువ్వులద్ది తట్టడం మొదలెట్టాకే పుస్తకం తెరుస్తాం. అక్కణ్ణించి నూనెలో వేసేవాళ్ళు ఒకళ్ళు, తీసి చెక్కల మధ్య నొక్కేవాళ్ళు ఒకళ్ళు, చదివేవాళ్ళు ఒకళ్ళు.

ఆ రోజు చదివింది ‘అరికాళ్ళ కింద మంటలు’. చిన్న వయసులోనే భర్త పోయి పుట్టింట్లో ఉండిపోయిన ఆడపిల్ల కథ. ఇంట్లో ప్రతివాళ్ళూ ఆ పిల్లకి పని చెప్పేవాళ్ళే. ఒక పని అవకముందే ఇంకోటి, చేసినదానికి వంక, చెయ్యనిదానికి తిట్టు. చివరికి ఆమె రాత్రివేళ ఇల్లు వదిలి, రాజమండ్రిలో వితంతు వివాహాలు చేయించే వీరేశలింగంగారి తోటకి దారి పడుతుంది. 1881లో అదే రాజమండ్రిలో పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించారని మనం పాఠాల్లో చదువుకున్నాం. పాఠంలో అదొక సంవత్సరం. ఈ కథ విన్నాక మాత్రం, ఆ తోట ఒకటి ఉందన్న కబురు ఎన్ని ఇళ్ళ పెరళ్ళలో ఎంతమంది ఆడపిల్లలకి ఆశ అయి ఉంటుందో తెలుస్తుంది.

నేను చదువుతుంటే తట్టే చేతులన్నీ ఆగిపోయాయి. “ఆపకమ్మా, చదువు” అంది మా అత్తగారు. కథ అయ్యాక చాలాసేపటికి తన మేనత్త సంగతి చెప్పింది. ఊహ తెలియని వయసులో పెళ్ళయి, ఊహ తెలిసేలోపే ముండనమై, పుట్టింటికి తిరిగొచ్చిందట. ఊళ్ళో ఏ ఇంట్లో పండగైనా పాకం పట్టడానికి ఆవిడ ఉండాల్సిందేనట. ఆవిడ చెయ్యి పడితే అరిసె అంత మెత్తగా వచ్చేదట. కానీ పేరంటం మొదలయ్యే వేళకి మాత్రం ఆవిడ పెరట్లో ఉండిపోవాలి. “ఇవాళ మనం పాకం చూస్తున్నామే, ఆ చూడ్డం నాకు నేర్పింది ఆవిడే” అంది అత్తగారు. ఇన్నేళ్ళుగా ఈ ఇంట్లో కోడలిగా ఉన్నాను, ఆ మేనత్త ఒకావిడ ఉండేదని నాకు తెలియదు. ఆవిణ్ణి మా వంటింట్లోకి తీసుకొచ్చింది శ్రీపాదవారి కథే. మర్నాడు గారెల పిండి రుబ్బడం దగ్గర్నించి వేయడం దాకా మా మరిదిగారు తీసుకున్నారు. ఎవరూ చెప్పలేదు, ఆయనే వచ్చి పీట వాల్చుకున్నారు.

సంక్రాంతి నాడు పొద్దున్న పెద్దలకి పెట్టుకోవడం, కొత్తబియ్యం పరమాన్నం, హరిదాసుకి బియ్యం పొయ్యడం, వీటితోనే సరిపోయింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల వంతు. వాళ్ళకి అదే పుస్తకంలోంచి ‘వడ్లగింజలు’ చదివాను. పెద్దాపురం ప్రభువుతో చదరంగం ఆడాలని పంతం పట్టిన ఒక కుర్రవాడి కథ అది. ఏం కావాలో కోరుకోమంటే, చదరంగం బల్లమీద మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, అలా గడిగడికీ రెట్టింపు చేసి వడ్లు ఇప్పించమంటాడు.

అంతవరకూ నా ఒళ్ళో తలపెట్టుకుని విన్న పిల్లలు ఒక్కసారిగా లేచారు. చూరుకి పిచ్చుకల కోసం వేలాడదీసిన వరికంకుల కుచ్చు ఉంది కదా, అందులోంచి గింజలు దూసుకొచ్చి చదరంగం బల్ల మీద పేర్చడం మొదలెట్టారు. తొమ్మిదో గడికి 256 గింజలు. పదో గడికి గింజలు పక్క గళ్ళలోకి పొర్లిపోయాయి. మా ఆడపడుచు కూతురు తొమ్మిదో తరగతి. ఆ పిల్ల కాగితం, పెన్ను తెచ్చుకుంది. మా చేలో పండేది స్వర్ణ, వెయ్యి గింజలు తూస్తే సుమారు 20 గ్రాములు. ఆ లెక్కన 11వ గడి గింజలు గుప్పిట్లో ఇమిడిపోతాయి. 21వ గడికి పది లక్షలు దాటి, ఇంచుమించు 21 కిలోలు అవుతాయి. ఇంతేనా అనుకున్నారు పిల్లలు. 32వ గడికి వచ్చేసరికి 214 కోట్ల పైన. అంటే 75 కిలోల బస్తాలు 570 దాకా. మా చేలు కౌలుకి చేసే ఆయన గుమ్మంలో కూర్చుని అంతా వింటున్నాడు. “ఎకరానికి ముప్పై బస్తాలేసుకున్నా పందొమ్మిది ఎకరాల పంట ఆ ఒక్క గడికే పోద్దమ్మా” అన్నాడు. అప్పటికి బల్ల సగమే అయింది. మొత్తం 64 గళ్ళకీ కలిపితే వచ్చేది 20 అంకెల సంఖ్య: 1,84,46,74,40,73,70,95,51,615. ఇప్పుడు ప్రపంచమంతా ఏడాదికి పండించే వడ్లు సుమారు 80 కోట్ల టన్నులు. ఆ కుర్రాడి కోరిక తీర్చాలంటే లోకమంతా కలిసి నాలుగొందల ఏళ్ళకి పైగా పండించి పొయ్యాలి.

ఈ లెక్క బళ్ళో కూడా చెబుతారు. కానీ కొత్త వడ్లు చేతిలో ఉండగా, పంట ఇంటికొచ్చిన పండగ నాడు, ఆ పంట పండించిన మనిషి ఎదురుగా కూర్చుని ఉండగా చేసిన లెక్క ఆ పిల్లలు మర్చిపోరు. అసలు కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది లెక్క కాదు, ఆ కుర్రవాడి తల ఎత్తు. తన విద్య మీద తనకున్న గౌరవం. పిల్లలకి అది విడమరిచి చెప్పలేదు. చెప్పకుండానే పెద్దాడు రాత్రి మళ్ళీ పుస్తకం అడిగి తీసుకున్నాడు.

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ మా వైపు ఆ రోజు ఇంట్లో ఒక్కరూ ఉండరు. జగ్గన్నతోట ప్రభల తీర్థానికి పోవాలి. చుట్టుపక్కల 11 ఊళ్ళ నించి ఏకాదశ రుద్రులు అలంకరించిన ఎత్తయిన ప్రభల మీద వచ్చి ఆ కొబ్బరితోటలో కలుసుకుంటారు. గంగలకుర్రు వైపు ప్రభలు కౌశిక నదిలో దిగి దాటి వస్తాయి. గుండెల్లోతు నీళ్ళలో, అంత ఎత్తు ప్రభని ఒరగకుండా భుజాల మీద మోసుకొస్తుంటే ఒడ్డున ఉన్నవాళ్ళకి ఊపిరాడదు. దారిలో పచ్చటి చేలు తొక్కుకుంటూ వస్తారు, రైతు ఒక్క మాట అనడు. స్వామి తన చేలోంచి నడిచాడని దణ్ణం పెట్టుకుంటాడు. 2023 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్రం శకటం ఈ తీర్థం మీదే చేస్తే, టీవీ ముందు మా ఊరంతా నిలబడింది.

ఆ రాత్రి, అలసిన కాళ్ళు చాపుకుని అందరం కూర్చున్నప్పుడు విన్నది ‘కొండపొలం’. సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డిగారి నవల, 2019లో తానా బహుమతి పొందింది. తర్వాత రెండేళ్ళకి క్రిష్ సినిమా కూడా తీశారు. సినిమా చూసినవాళ్ళూ నవల చదవాలని నా కోరిక. కరువులో మేతా నీళ్ళూ లేక, గొర్రెల మందల్ని తోలుకుని నల్లమల అడవిలోకి పోయే కాపరుల కథ. వాళ్ళతోబాటు ఇంజనీరింగు చదివి, ఉద్యోగం దొరక్క, నలుగురిలో నోరు విప్పడానికి జంకే కొడుకు కూడా వెళతాడు. పులి, దొంగలు, వాన, చీకటి, వీటన్నిటి మధ్యా మందని కాచుకోవడం నేర్చుకుంటాడు.

దాన్ని నేను చదవలేదు. మా చిన్న తోడికోడలిది మదనపల్లె వైపు. “అక్కా, ఇది మీ నోటికి తిరగదు, ఇట్లియ్యి” అని తీసుకుంది. ఆ అమ్మాయి చదువుతుంటే సీమ యాస గదంతా నిండిపోయింది. మా ఇంటికి వచ్చాక ఆ పిల్ల మా మాట నేర్చుకుని మాతో మాలాగే మాట్లాడుతోంది. ఆ రాత్రి తన సొంత మాటలో గొంతు విప్పితే, ఇంత నిండు గొంతు ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకుందా అనిపించింది. మధ్యలో ఆపి వాళ్ళ ఊరి కనుమ గురించి చెప్పింది. అక్కడ అది పశువుల పండగ. సాయంత్రం కంపా చెత్తా కుప్పవేసి చిట్లాకుప్ప ముట్టించి పశువుల్ని అటుగా తోలతారట. కాటమరాయుడికి మొక్కుకుంటారట.

కాలవ కట్టేస్తారన్న మాట వింటేనే గగ్గోలు పెట్టే డెల్టా వాళ్ళం మేము. నీటి చెలమ కోసం మందతో కొండలెక్కే మనుషుల గురించి మా వాళ్ళంతా అంత నిశ్శబ్దంగా వినడం నేనెప్పుడూ చూడలేదు. మరిదిగారి పెద్దబ్బాయి కూడా ఇంజనీరింగు అయి ఉద్యోగ ప్రయత్నంలో ఉన్నాడు. పండగ మూడు రోజులూ ఎవరు పలకరించినా ముక్తసరిగా జవాబిచ్చి తప్పుకున్నాడు. ఆ నవల మాత్రం చదివినంతసేపూ కదలకుండా విని, మిగిలింది తెల్లవారేలోపు తనే చదివేశాడు. వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం నన్ను అడిగి పట్టుకెళ్ళాడు.

ముళ్ళపూడి వెంకటరమణగారి ‘కోతి కొమ్మచ్చి’ కూడా సంచీలో ఉంది. ముక్కనుమ నాడు ప్రయాణాల హడావిడిలో తలా కాస్త చదివి నవ్వుకున్నారు. దాని గురించి విడిగా ఒకరోజు కూర్చుందాం, అది తొందరగా చెప్పేసే పుస్తకం కాదు.

అందరూ వెళ్ళిపోయాక ఇల్లు బావురుమంటుందని భయపడ్డాను. ఈసారి అత్తగారు నాకా తీరిక ఇవ్వలేదు. శ్రీపాదవారి ‘అనుభవాలూ-జ్ఞాపకాలూనూ’ మొదలెట్టమంది. ఆ ఆత్మకథలో ఆయన తిన్న తిండీ, నడిచిన ఊళ్ళూ వస్తుంటే ఆవిడకి పుట్టిల్లు గుర్తొస్తోంది. రోజూ దీపం పెట్టాక కాసేపు చదువుతున్నాం. మధ్య మధ్య ఆవిడ చెప్పేవి నేను ఒక నోటుబుక్కులో రాస్తున్నాను. మేనత్తగారి పాకం కొలతలు మొదటి పేజీలో ఉన్నాయి.

ఇక మీరు చెప్పండి. ఉగాదికి మా ఆడపడుచు మళ్ళీ పిల్లల్ని తీసుకొస్తానంది. పచ్చడికి మామిడికాయ తరిగి, వేపపువ్వు దులిపి, బెల్లం కోరేలోపు చదవడం పూర్తయ్యే చిన్న కథ కావాలి. పిల్లలకి అర్థమవ్వాలి, అత్తగారికి నచ్చాలి. మీకు తోచింది చెబితే ఇప్పుడే చీటీ మీద రాసుకుంటాను.