అచ్చయితే చాలనుకున్నాం

ఈ మధ్య ఒక పరిశోధక విద్యార్థిని ఫోన్ చేసింది. "మేడమ్, బీడీ కార్మిక స్త్రీల మీద మీరు 2006లో రాసిన వ్యాసం పేరు ఒక పుస్తకం చివర చూశాను. అక్కడిచ్చిన లింకు తెరిస్తే ఏదో అమ్మకాల పేజీ వస్తోంది. మీ దగ్గరుంటే పంపుతారా?" అంది. "దానికేం, రేపే పంపుతా" అన్నాను. పంపడానికి నాలుగు నెలలు పట్టింది. పంపింది కూడా పూర్తి వ్యాసం కాదు.

ఆ వ్యాసం కోసం నిజామాబాద్ జిల్లాలో రెండు వేసవులు తిరిగాను. ఒళ్లో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తూనే ఆడవాళ్లు నాతో మాట్లాడారు. చేయి ఆగితే కూలి ఆగుతుంది. బాగా లేవని పక్కన పడేసిన బీడీలకు డబ్బు కట్టకపోవడం, పొగాకు ఘాటుకు పసిపిల్లలు దగ్గడం, తన పేర పీఎఫ్ కార్డు వచ్చిన రోజున ఒకావిడ పడ్డ సంతోషం, అన్నీ చెప్పారు. ఆవిడే అడిగింది కూడా, "గివన్ని రాసుకపోయి ఏం జేస్తవు బిడ్డా?" అని. "అచ్చయితే ఎప్పటికీ ఉంటాయమ్మా" అన్నాను. నమ్మే అన్నాను.

వ్యాసం వేసింది ఇద్దరు మిత్రురాళ్లు సొంత డబ్బుతో ఇంటర్నెట్‌లో నడిపిన చిన్న పరిశోధనా పత్రిక. కాగితం ఖర్చు లేదు, పోస్టు ఖర్చు లేదు, ఎక్కడి వాళ్లయినా చదువుకోవచ్చని మురిసిపోయాం. తర్వాత ఉద్యోగాలు, బదిలీలు, ఒకరి అనారోగ్యం. ఒక ఏడాది సైటు పేరుకు కట్టాల్సిన డబ్బు ఎవరూ కట్టలేదు. పత్రిక పోయింది. ముద్దుపళని 'రాధికా సాంత్వనము'ను 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ పరిష్కరించి అచ్చు వేయిస్తే బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది. అక్కడ ఎదిరించడానికి ఒక ప్రభుత్వమైనా ఉంది. మా పత్రిక పోవడానికి ఏ శత్రువూ అక్కర్లేకపోయింది.

పాత సీడీలన్నీ వెతికాను. ఒకదాంట్లో ఫైలు దొరికింది గానీ తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు. అప్పటి డీటీపీ ఫాంట్లు తెలుగు అక్షరాలను ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చేవి. యూనికోడ్‌లోకి మార్పిస్తే, అది నా మొదటి చిత్తుప్రతి అని తేలింది. ఆ చిత్తును ఊళ్లో చదివి వినిపించినప్పుడు "నేనట్ల అనలే" అని వాళ్లు దిద్దించిన మాటలేవీ అందులో లేవు. ఆ దిద్దుబాట్లు లేకపోతే అది నేను వాళ్ల గురించి అనుకున్నది మాత్రమే.

ఇది నా ఒక్కదాని కథ అనుకున్నాను. కాదు. 2000కీ 2019కీ మధ్య, అందరూ ఉచితంగా చదువుకోగలిగే పరిశోధనా పత్రికలు 174 ఇంటర్నెట్ నుంచి మాయమయ్యాయని 2021లో అచ్చయిన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. వాటిలో సగానికి పైగా సామాజిక, మానవీయ శాస్త్రాలవే. 2024లో మార్టిన్ ఈవ్ డీఓఐ అనే శాశ్వత గుర్తింపు సంఖ్య ఉన్న 70 లక్షలకు పైగా రచనలను పరిశీలిస్తే, 28 శాతం, అంటే 20 లక్షలకు పైగా, ఏ భద్రాలయంలోనూ ఉన్న ఆనవాలు దొరకలేదు. సంఖ్య ఉన్నంత మాత్రాన వ్యాసం ఉన్నట్టు కాదన్నమాట.

దాచే పద్ధతులు లేక కాదు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో 1999లో మొదలైన లాక్స్ పథకంలో ఒకే వ్యాసం ప్రతులను చాలా గ్రంథాలయాలు వేరువేరుగా ఉంచుకుంటాయి. వాటి కంప్యూటర్లు ఎప్పటికప్పుడు ఒకదానితో ఒకటి సరిచూసుకుంటాయి. ఒకచోట ప్రతి చెడితే మిగతా చోట్ల ఉన్నదాన్ని బట్టి బాగుచేసుకుంటాయి. ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో నడిచే చిన్న పత్రికలకూ ఈ పద్ధతిలోనే దాచే ఏర్పాటు ఉంది. ఐఎస్ఎస్ఎన్ సంఖ్య ఉన్న పత్రికను ఎవరు దాస్తున్నారో కీపర్స్ రిజిస్ట్రీలో ఎవరైనా చూసుకోవచ్చు. మన సిద్ధాంత గ్రంథాలకు శోధగంగ ఉంది. మన చిన్న పత్రికల సంగతే ఎవరికీ పట్టదు.

అందుకు డబ్బు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. పత్రిక బతికుండగానే ఇది నా పని అని ఎవరో ఒకరు అనుకోవాలి. రాసినవాళ్ల పేరుంటుంది, సంపాదకుల పేరుంటుంది. దాచే పనికి పేరు లేదు. రేపటికి పప్పు నానబోసే పనిలాగా, చేయని రోజునే కనబడుతుంది. ఇంటిపనికి విలువ కట్టాలని ఇన్నేళ్లు రాసిన నేను, నా వ్యాసం ఎవరు దాస్తున్నారని ఒక్కసారి కూడా ఆ మిత్రురాళ్లను అడగలేదు.

చివరికి మళ్లీ ఆ ఊరికే వెళ్లాను. పీఎఫ్ కార్డు చూపించినావిడ ఇప్పుడు లేదు. కూతురు ట్రంకుపెట్టె తెరిచింది. కార్డుతో పాటు, అప్పట్లో నేనిచ్చిన వ్యాసం ప్రింటు ఉంది. "సదువు రాకున్నా దాసుకున్నది మేడం. నా మాటలున్నయి ఇండ్ల అనేది" అంది. పెద్ద పెద్ద గ్రంథాలయాలు చేసే పని, ఇంకో చోట ఇంకో ప్రతి ఉంచడం, ఆవిడ చేసింది. ఆఖరి రెండు పేజీలు మాత్రం చెదలు తినేశాయి.

దొరికినంతా యూనికోడ్‌లో టైపు చేశాను. ఒక ప్రతి ఆ విద్యార్థినికి, ఒకటి గ్రంథాలయానికి, ఒకటి ఇంటర్నెట్ ఆర్కైవ్‌కి, ఒకటి కాగితం మీద ఆ ట్రంకుపెట్టెలోకి. ఈ పత్రిక పాత సంచికలు ఎన్ని చోట్ల ఉన్నాయో మనం కూడా ఒకసారి లెక్క చూసుకుందాం.

పోయిన రెండు పేజీల దగ్గర 'లభ్యం కాలేదు' అని రాసి వదిలేశాను. గుర్తున్నంతవరకు పూరించమని విద్యార్థిని అడిగింది. పూరించలేదు. అవి వాళ్లు నా చేత దిద్దించిన మాటలు.